పాత బండి, బోరు నీళ్లు



జడ్చర్ల చౌరస్తాలోనో, నకిరేకల్ బైపాస్ దగ్గరో కాసేపు నిలబడి చూడండి. ఏపీ 22, ఏపీ 24 నంబర్లతో బొలెరోలు, స్కార్పియోలు, సుమోలు, క్వాలిస్‌లు, ఇన్నోవాలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. తెలంగాణ ఏర్పడ్డాక మహబూబ్‌నగర్‌కు టీఎస్ 06, నల్లగొండకు టీఎస్ 05 నంబర్లు వచ్చాయి, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. అంటే ఆ పాత నంబర్ల బండ్లన్నీ పదేళ్లు దాటినవే. వాటిలో క్వాలిస్‌ను కంపెనీ 2005లోనే ఆపేసింది. 1994లో మొదలైన సుమో 2019తో ఆగిపోయింది. బొలెరో 2000 నుంచి, స్కార్పియో 2002 నుంచి, ఇన్నోవా 2005 నుంచి మన రోడ్ల మీద ఉన్నాయి.

ఈ బండ్లు ఇప్పుడు రెండో చేతిలోనో మూడో చేతిలోనో ఉన్నాయి. పత్తి ఏరే కూలీలను చెలకకు చేర్చేది ఇవే. పెళ్లికి, శ్రీశైలానికి, కురుమూర్తి జాతరకు, చెర్వుగట్టుకు పోయేది వీటిలోనే. రాత్రి పూట ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే హైదరాబాద్ ఆసుపత్రికి పరుగెత్తేదీ వీటిలోనే. కొత్త పెద్ద బండి కొనే స్తోమత లేని కుటుంబం అప్పో సప్పో చేసి పాతది కొంటుంది. కొన్న ఏడాదికే ఇంజన్ పని వచ్చిందంటే ఆ ఏడాది పంట మీద వచ్చిన డబ్బంతా షెడ్డులో పోసినట్టే. ఐటీఐలో డీజిల్ ఇంజన్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి నాకు ఈ బాధ దగ్గరగా తెలుసు. అందుకే ఈ రోజు పాత బండి ఇంజన్‌కు మన ప్రాంతంలో వచ్చే జబ్బుల గురించి మాట్లాడతాను.

అన్నింటికంటే ముందు చెప్పాల్సింది నీళ్ల సంగతి.

నల్లగొండ పేరు నీళ్ల శాస్త్రం చదివినవాళ్లకు ప్రపంచమంతటా తెలుసు. పటిక, సున్నం వేసి తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది. దానికి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో వంగిపోయిన కాళ్లు, వెన్నెముకలు చూసినవాళ్లకు బోరు నీళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ నీళ్లు తాగడం మనం చాలావరకు మానేశాం. ఊరూరా ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాయి, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. కానీ బండికి మాత్రం ఇప్పటికీ బోరు నీళ్లే పోస్తున్నాం. రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే పొలం దగ్గర మోటరు వేసి బిందె నింపుకొచ్చి పోసేస్తాం.

ఇంజన్ విషయంలో ఫ్లోరైడ్‌ను పక్కన పెట్టండి. అక్కడ చెరుపు చేసేవి ఆ నీళ్లలో కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం, ఉప్పు. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా, గట్టిగా ఒక పొర కడుతుంది కదా, గోటితో గీకినా రాదు. ఇంజన్ లోపల నీళ్లు తిరిగే దారుల్లోనూ అదే పొర పేరుకుంటుంది. డీజిల్ మండితే పుట్టే వేడిలో దాదాపు మూడో వంతును ఈ నీళ్లే మోసుకుపోయి రేడియేటర్‌లో గాలికి వదలాలి. లోహంతో పోలిస్తే ఆ తెల్లపొర వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. పైగా రేడియేటర్ గొట్టాలు సన్నగా ఉంటాయి, కొద్దిపాటి పొర కట్టినా మూసుకుపోతాయి. పాడైన రేడియేటర్‌ను కోయించి పిల్లలకు చూపిస్తుంటాను. పైకి చక్కగా కనిపించే రేడియేటర్‌లో కింది వరస గొట్టాలు సుద్దతో నిండిపోయి ఉంటాయి. ఉప్పు నీళ్లు అల్యూమినియంను తినేస్తాయి, ఇనుమును తుప్పు పట్టిస్తాయి. ఆ తుప్పు మట్టి నీళ్లను తిప్పే వాటర్ బాడీ సీలును అరగదీస్తుంది.

దీనికి మందు కూలెంట్. చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా వేసేది మనకెందుకని కొందరు మెకానిక్‌లే అంటారు. ఆ మాట నమ్మకండి. కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి, అది నీళ్లు మరిగే వేడిని కూడా పెంచుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండ కాసే మన నల్లగొండకు అది చలి దేశాలకంటే ఎక్కువ అవసరం. కూలెంట్‌ను బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి, ఎంత పాళ్లలో అన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది. కలిపే పని లేకుండా నేరుగా పోసే రకం కూడా దొరుకుతుంది. ఎర్రది, పచ్చది అని రంగు చూసి ఒకదానిలో ఒకటి కలపకండి. రకాలు పడకపోతే లోపల జిగటగా మారుతుంది. దారిలో గత్యంతరం లేక నీళ్లే పోయాల్సి వస్తే బోరు నీళ్లకంటే క్యాన్ నీళ్లు మేలు. ఇంటికి చేరాక అవి తీయించి మళ్లీ కూలెంట్ పోయించాలి.

బండి వేడెక్కుతోందని షెడ్డుకు తీసుకుపోతే చాలాచోట్ల ముందు చేసే పని థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేయడం. మన ఎండలకు అది అక్కర్లేదని చెప్తారు. ఇది ఎంత పెద్ద తప్పో వివరంగా చెప్పాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వాల్వ్ మూసుకుని ఉంటుంది. నీళ్లు 80 డిగ్రీలు దాటాక మెల్లగా తెరుచుకుని రేడియేటర్‌కు దారి ఇస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజన్ ఉండాల్సిన వేడికి రానే రాదు. డీజిల్ సరిగ్గా మండదు, మసి పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది, సిలిండర్ బోరు, రింగులు త్వరగా అరుగుతాయి. అసలు జబ్బు రేడియేటర్ మూసుకుపోవడం అయితే అది అలాగే ఉండిపోతుంది. మీటరులో వేడి చూపే ముల్లు కొన్నాళ్లు కిందకు దిగుతుంది కాబట్టి బాగైందనుకుంటాం. వాల్వ్ చెడిపోతే కొత్తది వేయించండి, తీసేసి మాత్రం నడపకండి. ఇంజన్ పనితో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది!

వేడెక్కడంలో కూడా రకాలున్నాయి. ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ నుంచి పెబ్బేరు దాకా బాగానే నడిచి, ఊళ్లో ట్రాఫిక్‌లోనో ఘాట్‌లోనో ముల్లు లేస్తుంటే ఫ్యాన్‌ను అనుమానించండి. ఈ పెద్ద బండ్లలో చాలావాటికి ఇంజన్‌తో తిరిగే ఫ్యాన్, దాని మధ్యలో సిలికాన్ ఆయిల్‌తో పట్టు ఇచ్చే క్లచ్ ఉంటాయి. ఏళ్లు గడిచాక ఆ ఆయిల్ కారిపోయి ఫ్యాన్ తిరిగినట్టే కనిపిస్తుంది కానీ గాలి లాగదు. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఆ లోటు తీరుస్తుంది, నెమ్మదించగానే బయటపడుతుంది. అలాకాక హైవే మీద ఎనభై, తొంభై వేగంలోనే వేడెక్కుతుంటే రేడియేటర్ మూసుకుపోయిందనో, నీళ్లు తిరగడం లేదనో అర్థం. రేడియేటర్‌కు, దాని ముందుండే ఏసీ కండెన్సర్‌కు మధ్య పత్తి పీచు, ఎర్రమట్టి, గడ్డి గింజలు చేరి మందంగా అట్ట కడతాయి. పత్తి సీజన్ అయిపోగానే రేడియేటర్‌ను విప్పించి లోపలి వైపు నుంచి నీళ్లతో కడిగించాలి. రేడియేటర్ మూతను కూడా తేలికగా తీసుకోవద్దు. ఆ మూత లోపల పీడనాన్ని నిలబెడుతుంది కాబట్టే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 120కి దగ్గరదాకా ఆగుతాయి. దాని రబ్బరు పాడైతే నీళ్లు ముందే మరిగి బయటకు తన్నేస్తాయి.

పైకి ఎక్కడా కారకుండా నీళ్లు తగ్గిపోతుండటం అన్నింటికంటే చెడ్డ సూచన. పొద్దున స్టార్ట్ చేయగానే తెల్ల పొగ చాలాసేపు రావడం, చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా లేవడం, ఆయిల్ మూత లోపల లేత గోధుమరంగు నురుగు కనిపించడం, ఇవన్నీ హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెప్తాయి. డీజిల్‌ను ఎక్కువ పీడనంతో చిమ్మే కామన్ రైల్ బండ్లలో, ఇంజన్‌లోకి తిరిగి పోయే పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్ లోపల పగిలినా నీళ్లు ఇలాగే మాయమవుతాయి, అది కూడా చూడమని మెకానిక్‌కు గుర్తుచేయండి. రోజూ లీటరు నీళ్లు పోసుకుంటూ నడిపితే ఒక రోజు హెడ్డు వంకర పోతుంది, ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడిక లేతు షాపులో హెడ్డు సాపు చేయించినా నిలుస్తుందో లేదో చెప్పలేం.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే తొవ్వ పాత బండికి పెద్ద పరీక్ష. కల్వకుర్తి, డిండి, హాజీపూర్ దాటాక మన్ననూరు ఎక్కాలి. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి. దోమలపెంట దాటాక కృష్ణా నది ఒడ్డుకు దిగి మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కాలి. బండి నిండా మనుషులు, పైన సామాను, లోపల ఏసీ, బయట ఎండ, రెండో గేరు. లోపల ఏ బలహీనత ఉన్నా ఆ తొవ్వలో బయటపడుతుంది. అడవిలో బండి ఆగితే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మెకానిక్ దొరకడు, రాత్రిళ్లు అటవీశాఖ గేట్లు మూసేస్తుంది.

ముల్లు లేస్తున్నట్టు కనిపిస్తే ముందు ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తిగా తిప్పి బ్లోయర్ పెంచండి. హీటర్ లోపలా చిన్న రేడియేటర్ ఉంటుంది, అది కొంత వేడిని లాగేస్తుంది. చెమటలు పట్టినా ఓర్చుకోండి. నీడ చూసి బండి పక్కకు తీయండి. నీళ్లు కారిపోయి ఆవిరి కొడుతుంటే వెంటనే ఇంజన్ ఆపేయండి. ఇంకొక మాట, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ముల్లు బాగా లేచి హఠాత్తుగా కిందకు పడితే బండి చల్లబడిందని సంతోషించకండి. నీళ్లు పూర్తిగా పోయి సెన్సర్ గాలిలో ఉంటే కూడా ముల్లు అలాగే పడుతుంది. అప్పుడు ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే ఇంజన్ పోయినట్టే. కనీసం అరగంట, ముప్పావు గంట ఆగకుండా రేడియేటర్ మూత ముట్టుకోకండి. ఆ మూత తీసి ముఖం, చేతులు కాల్చుకున్న డ్రైవర్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. కాలిపోతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు చిట్లుతుంది, అదీ చేయకండి.

ఇక ఆయిల్ సంగతి. మైలేజీ బాగా వస్తోందని, పొగ లేదని ఆయిల్ మార్చడం వాయిదా వేయడం మనకు అలవాటు. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో ఉన్న బండిలో ఇది ప్రాణాంతకం. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు మించిన చుట్లు తిరుగుతుంది, దాన్ని కాపాడేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు సాఫీ రోడ్లకు. ఎర్రమట్టి రోడ్ల మీద, ట్రాలీ లాగుతూ, కూలీలను ఎక్కించుకుని తిరిగే బండికి అంతకంటే ముందే మార్చాలి. ఆయిల్‌తోపాటు ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాలి. ఘాట్ ఎక్కి ఆపినప్పుడు వెంటనే తాళం తీయకుండా నిమిషంసేపు ఐడిల్‌లో ఉంచండి, టర్బో నెమ్మదిస్తుంది. టర్బో సీలు పోయి ఆయిల్ గాలి దారిలోకి పోతే నీలం పొగ వస్తుంది. అరుదుగా డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే మండించుకుంటూ తాళం తీసినా ఆగకుండా గర్జిస్తూ పరుగెడుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపేయాలి.

పొగ రంగును బట్టి మన మెకానిక్‌లు జబ్బు చెప్పే తీరు నాకు చాలా ఇష్టం. అందులో అనుభవం ఉంది, శాస్త్రమూ ఉంది. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ లేదా గాలి తక్కువ. మన దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, టర్బో హోస్ చిరగడం, ఈజీఆర్ మసితో నిండటం దానికి మామూలు కారణాలు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. చలికాలం పొద్దున తెల్ల పొగతో దగ్గుతూ లేస్తే హీటర్ ప్లగ్గులు చూడాలి. బండి నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పున తన్నుకొస్తోందంటే బ్యాక్ కంప్రెషన్, రింగులు అరిగాయి. అక్కడ ఇంజన్ పని తప్పదు.

డీజిల్ విషయంలో పాత బొలెరోకు, 2005 తర్వాత వచ్చిన కామన్ రైల్ బండ్లకు చాలా తేడా ఉంది. పాత పంపు ఇంజన్ కాస్త నీళ్లు కలిసిన డీజిల్‌ను కూడా భరించేది. కామన్ రైల్‌లో పీడనం వెయ్యి బార్లకు మించి ఉంటుంది. బండి టైరులో ఉండేది రెండున్నర బార్లలోపే, దాన్నిబట్టి ఊహించుకోండి. ఆ ఇంజెక్టర్ల లోపలి సందుల్లో నీటిచుక్క చేరినా, దుమ్ము చేరినా పని అయిపోతుంది. ట్రాక్టర్ కోసం డ్రమ్ములో నిల్వ ఉంచిన డీజిల్‌ను డబ్బాతో తెచ్చి కామన్ రైల్ బండిలో పోయకండి. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే మర ఉంటుంది, వానాకాలంలో దాన్ని తరచుగా విప్పించండి. మీటరు మీద ఫిల్టర్ గుర్తుతో లైటు వెలిగితే ఊరు చేరాక చూద్దాం అనుకోవద్దు.

క్వాలిస్, 2016కు ముందరి ఇన్నోవా ఉన్నవాళ్లు టైమింగ్ బెల్టు గురించి ఒక్కసారి ఆలోచించండి. అది రబ్బరు బెల్టు. తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. తెగే ముందు ఏ చప్పుడూ చేయకపోవచ్చు. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య దాన్ని మార్చాలి. పాతది కొన్నవాళ్లకు అది ఎప్పుడు మార్చారో కాగితం చేతిలో లేకపోతే మార్చలేదనే అనుకుని వెంటనే వేయించుకోవాలి. టెన్షనర్ కూడా అప్పుడే మార్పించండి. తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టాలో, స్కార్పియో ఎంహాక్‌లో చైను ఉంటుంది, వాటికి ఈ భయం తక్కువ.

ఇప్పుడు కొనేవాళ్లకు కొన్ని మాటలు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఆపమంది, 2018లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అప్పటి నుంచి అక్కడి బండ్లు తక్కువ ధరకు దక్షిణానికి వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. అయితే మీటరు తిప్పి కిలోమీటర్లు తగ్గించడం ఎక్కడైనా జరిగేదే. మీటరు యాభై వేలు చూపిస్తుంటే బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగు, డ్రైవరు సీటు అంచు చూడండి, అవి అబద్ధం చెప్పవు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను ముంచిన వరదలో మునిగిన బండ్లు కూడా ఆ తర్వాత చేతులు మారాయి. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చివర మట్టి గీత ఉందేమో చూడండి. ఆర్‌సీలోని ఇంజన్ నంబరు, బండి మీది నంబరు ఒకటేనా అని సరిచూడండి. ఆర్‌సీకి పదిహేనేళ్లు దగ్గరపడితే మళ్లీ రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్ ఖర్చు ధరలోనే లెక్కేసుకోండి.

చూడటానికి పొద్దున్నే వెళ్లండి. వస్తున్నామని చెప్పి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లను అడగండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడిగా ఉందంటే పొద్దున లేవని జబ్బును దాచారేమోనని అనుమానించాల్సిందే. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి చూడండి. రంగు కూలెంట్ తేటగా ఉంటే ఆ యజమాని బండిని ప్రేమగా చూసుకున్నాడని తెలుస్తుంది. తుప్పు రంగు నీళ్లు, మూత చుట్టూ తెల్ల సుద్ద కనిపిస్తే, ఎంత మెరిసే పెయింటైనా సరే, ధరలోంచి ఇంజన్ పని ఖర్చు తీసేయమనండి, లేదా వదిలేయండి. తర్వాత ఏసీ వేసి నలుగురిని ఎక్కించుకుని ఒక గట్టు ఎక్కించి, దిగాక పావుగంట ఐడిల్‌లో ఉంచి ముల్లు చూడండి. అమ్మేవారు ఇందుకు ఒప్పుకోకపోతే ఆ బండి మీకొద్దు.

కొన్నాక మొదటి వారంలోనే రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించండి. వాటర్ బాడీ, హోస్ పైపులు, బెల్టులు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత చూపించి కొత్త కూలెంట్ పోయించండి. ఆయిల్, మూడు ఫిల్టర్లు మార్పించండి. సీటు కవర్లు, పాటల పెట్టె, పెద్ద టైర్లు వచ్చే పంటకు కొనుక్కోవచ్చు. కొనడానికి పెట్టుకున్న డబ్బులో కొంత ఈ పనులకని ముందే పక్కన తీసి, మిగిలినదానితోనే బేరమాడండి. ఆ కొంత కూడా మిగలనంత ధర చెప్తే ఆ బండి మనకు అందదని లెక్క. ఇంకో నెల ఆగి వేరేది చూసుకోండి.